నిద్రించు యంత్రములోని ఫైళ్లను చదువుట, దిద్దుట

మన కంప్యూటరు గదిలో కూర్చుండు పై తరగతుల పిల్లలు ఈ సంవత్సరము మమ్ము పెక్కు ప్రశ్న లడిగిరి. వానిలో నొకటి మిక్కిలి చక్కనిది. కంప్యూటరు మేల్కొనక మొరాయించినపుడు దాని కడుపులోని ఫైళ్లను చదువుట సాధ్యమా? చదువుటయే గాక, అందలి తప్పును దిద్దుట కూడ సాధ్యమా? సాధ్యమే. అందును, ఆ కంప్యూటరు చేతితో తాకదగిన పెట్టె గాక మరియొక కంప్యూటరులోపల కల్పింపబడినదైనచో ఈ పని మఱింత సులభము. ప్రోగ్రాములు వ్రాయువారు ఇందుకై వాడు ఫంక్షనులను గూర్చి ఈ వ్యాసమున వివరింప దలచితిమి. తల్లిదండ్రులును దీనిని చదువవలయునని మా కోరిక. ఏలయన, పిల్లల మార్కులు, పుట్టిన తేదీలు, ఇంటి చిరునామాలు నేడు పలుచోట్ల ఇట్టి యంత్రములలోనే నిలువ చేయబడుచున్నవి.

ఒక కంప్యూటరు తన శక్తిలో కొంత భాగమును వేరుచేసి, ఆ భాగము తానే యొక ప్రత్యేకమైన కంప్యూటరని నమ్మునట్లు చేయగలదు. అట్లు కల్పింపబడిన దానిని వర్చువల్ మెషీను అందురు. మేము దీనిని కల్పిత యంత్రమని పిలుతుము. చోటిచ్చినది ఆతిథేయి, లోపల బస చేయునది అతిథి. ఈ తలంపు క్రొత్తది కాదు. ఐ.బి.ఎం. వారు 1972లోనే వీఎం/370 అను వ్యవస్థను ప్రకటించిరి. 2003లో ఫాబ్రిస్ బెలార్ అను ఫ్రెంచి పండితుడు క్యూఎమ్యూ అను ప్రోగ్రామును వెలువరించెను. 2007లో కేవీఎం అను భాగము లినక్సు కెర్నెలునందు చేరెను. ఈ రెంటివలన, సామాన్యులు కొనగలిగిన కంప్యూటరులో సైతము ఒకటి రెండు అతిథి యంత్రములను నడపుట సాధ్యమైనది.

అతిథికి డిస్కు కావలయును గదా! ఆతిథేయి డిస్కులోని ఒక ఫైలే అతిథికి సంపూర్ణమైన డిస్కుగా కనుపించును. దీనిని డిస్కు ఇమేజి యందురు. అతిథియొక్క ఆపరేటింగ్ సిస్టము, దాని ప్రోగ్రాములు, అందు వ్రాసిన ఉత్తరములు, లెక్కలు, రహస్యములు అన్నియు ఆ ఒక్క ఫైలులోనే యుండును. ఆ ఫైలును కాపీ చేసినచో ఒక యంత్రమంతయు కాపీ అయినట్లే. ఈ సంగతిని పాఠకులు మనస్సున నుంచుకొందురుగాక. కడపట దీనితో మనకు పని కలదు.

ఇమేజిలో రెండు విధములు ముఖ్యములు. మొదటిది రా అను విధము. ఇందు డిస్కులోని బైట్లు ఉన్నవి ఉన్నట్లు వరుసగా నుండును. రెండవది క్యూకౌ2. ఇది పొదుపరి. ఇరువది గీగాబైట్ల డిస్కు కావలయునని కోరినను, మొదట ఆతిథేయి డిస్కులో కొన్ని వందల కిలోబైట్ల చోటు మాత్రమే పుచ్చుకొని, అతిథి వ్రాయుచున్న కొలది 64 కిలోబైట్ల తునుకలుగా పెరుగును. ఈ ఫైలును తెఱచి చూచినచో మొదటి మూడు బైట్లు క్యూ, ఎఫ్, ఐ అను రోమను అక్షరములు. నాల్గవది 251 అను సంఖ్య. ఫైలు ఏ జాతిదో తెలిసికొనుటకు ఇయ్యది గుర్తు.

ఇక రా ఇమేజి లోపల నేమున్నదో చూతము. గణితమునం దభిరుచి గల పిల్లలు ఇచట కాగితమును పెన్సిలును తీసికొనవచ్చును. డిస్కు 512 బైట్ల గడులుగా విభజింపబడి యుండును. వీనిని సెక్టారులందురు. పాత పద్ధతిని భాగములు చేసిన డిస్కులో మొదటి సెక్టారే విషయసూచిక వంటిది. అందు మొదటి 446 బైట్లు యంత్రమును మేల్కొల్పు చిన్న ప్రోగ్రామునకు కేటాయింపబడినవి. తరువాత ఒక్కొక్కటి 16 బైట్ల చొప్పున నాలుగు పద్దులు. ఒక్కొక్క పద్దు డిస్కులోని ఒక్కొక్క భాగమును తెలుపును. 446కు 64 కలిపిన 510. మిగిలిన రెండు బైట్లలో 85, 170 అను సంఖ్య లుండవలయును. లేనిచో ఆ సూచిక చెల్లదు. మొదటి భాగము 2048వ సెక్టారున మొదలగునని పద్దులో నున్నదనుకొందము. 2048ని 512చే గుణించిన 10,48,576. అనగా ఇమేజి ఫైలులో అన్ని బైట్లు దాటిన పిమ్మట ఆ భాగము మొదలగును. అది ఎక్స్ట్4 అను ఫైళ్ల వ్యవస్థ యైనచో, అచ్చటినుండి మఱి 1024 బైట్లు దాటిన చోట దాని ముఖ్యపత్రము ఉండును. ఎన్ని ఫైళ్లున్నవి, ఎంత చోటు మిగిలినది మొదలగు వివరములు అందు వ్రాయబడి యుండును.

తుదకు ఫైలులోని అక్షరములు. యూనికోడు పట్టికలో 1991వ సంవత్సరపు మొదటి ప్రకటనమునుండియు తెలుగునకు స్థానము కలదు. నేడు ఎక్కువగా వాడబడు యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడేసి బైట్లు తీసికొనును. మన యూరి పేరే చూడుడు. పట్టిసీమ యను మాటలో ప, ట, పొల్లు, ట, గుడి, స, గుడిదీర్ఘము, మ అని ఎనిమిది గుర్తులు. కాబట్టి డిస్కుపై మన యూరు 24 బైట్లు. అందు మొదటి అక్షరమైన ప 224, 176, 170 అను మూడు సంఖ్యలుగా నుండును. ఇందొక బైటు జారినను ఊరి పేరు ఊరి పేరుగా నుండదు. డిస్కు ఇమేజిని చేతితో దిద్దుట ఎంత ప్రమాదకరమో దీనినిబట్టియే ఊహింపవచ్చును.

చేతితో దిద్దకున్నచో, ఆతిథేయి కెర్నెలుచేతనే ఆ ఇమేజిని నేరుగా తెఱపింపరాదా యని కొందరు అడుగుదురు. తెఱపింపవచ్చును. కాని అందు రెండు చిక్కులు కలవు. అట్లు చేయుటకు యంత్రముపై సర్వాధికారము గల రూట్ వినియోగదారుడు కావలయును. పొరబాటున ఒక అక్షరము తప్పి టైపు చేసినచో తన డిస్కే పాడగును. ఇంతకంటె పెద్ద చిక్కు రెండవది. ఇమేజి ఎవరివలన వచ్చినదో తెలియనప్పుడు, దుర్మార్గు డొకడు దాని ఫైళ్ల వ్యవస్థను కావలెనని వంకరగా వ్రాసి యుండవచ్చును. దానిని చదువబోవు కెర్నెలులో ఏదైన లోపమున్నచో, అతిథి దోషము ఆతిథేయికి సోకును.

ఈ చిక్కులు తీర్చుటకై రెడ్ హ్యాట్ సంస్థలో పనిచేయుచున్న రిచర్డ్ జోన్స్ 2009లో లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్ అను ఫంక్షనుల సంపుటిని వెలువరించెను. అతిథుల ఫైళ్ల వ్యవస్థలకు సంబంధించిన లైబ్రరీ యని ఆ పేరునకు భావము. ఇది స్వేచ్ఛగా ఎవరైనను వాడుకొని, మార్చుకొనదగిన లైసెన్సుతో వచ్చినది. మూలము సీ భాషలోనిది. పైథాన్, పెర్ల్, రూబీ, జావా మొదలగు భాషలనుండియు ఈ ఫంక్షనులను పిలువవచ్చును.

దీని ఉపాయము మన యూరి పిల్లలకు సులభముగా బోధపడును. గోదావరి నడుమ నున్న దేవకూటగిరి మనకు రేవునుండి కనుపించుచునే యుండును. అయినను వఱద కాలమున నడచి పోగలమా? పడవ కావలయును. పడవవాడు నీటి నడక తెలిసినవాడు. మనము గట్టుననే యుండి, ఫలానిది తెమ్మని చెప్పినచో అతడు పోయి తెచ్చును. పడవ మునిగినను గట్టు మునుగదు. అట్లే ఈ సంపుటి తానొక చిన్న కల్పిత యంత్రమును క్షణములలో సృష్టించును. అందొక లినక్సు కెర్నెలు, ఒక సేవక ప్రోగ్రాము ఉండును. మన డిస్కు ఇమేజి ఆ చిన్న యంత్రమునకు తగిలింపబడును. మనము పిలుచు ప్రతి ఫంక్షనును ఒక సందేశముగా మారి ఆ సేవకునికి చేరును. అతడు ఇమేజిని చదివి బదులు పంపును. వంకర ఇమేజివలన ఏదైన కూలినచో కూలునది ఆ చిన్న యంత్రమే. రూట్ అధికారము కూడ అక్కరలేదు.

ఫంక్షనుల పేర్లను యంత్రమునకు రోమను లిపిలో టైపు చేయవలయును. ఇచట మన లిపిలో వ్రాయుచున్నాము. మొదట క్రియేట్. ఇది ఒక హాండిలును, అనగా పనిముట్టు పిడి వంటి దానిని, మన చేతికిచ్చును. పిమ్మట యాడ్ డ్రైవ్. ఏ ఇమేజిని తగిలింపవలయునో దీనికి చెప్పుదుము. మూడవది లాంచ్. గోదావరి లాంచీ ఎక్కినవారికి ఈ పేరు మఱపునకు రాదు; ఇచట మాత్రము చిన్న యంత్రమును కదలించి నడపుమని అర్థము. ఈ మూడును జరుగనిదే తక్కినవి ఏవియు పనిచేయవు. లాంచ్ చేసిన తరువాత ఇంకొక డిస్కును తగిలింపవలె నని తోచినను వీలుపడకపోవచ్చును. కాబట్టి కావలసిన డిస్కులన్నియు ముందే చెప్పుకొనుట మేలు.

ఇమేజిని తగిలించునప్పుడే చదువుటకు మాత్రమే యని చెప్పవచ్చును. ఇట్లు చెప్పినచో ఇమేజిపై పలుచని కాగితము పఱచినట్లు ఒక పైపొర ఏర్పడును. పటము గీయునపుడు మీరు పటముపై నూనె కాగితము వేసి గీయుదురు గదా, అట్టిది. పొరబాటున ఏదైన వ్రాసినను అది పైపొరమీదనే పడి, పని ముగియగానే పైపొరతో కూడ పోవును. అడుగునున్న ఇమేజిలో ఒక్క బైటైనను మారదు.

ఇప్పుడు పరీక్ష. తెలియని ఇమేజి చేతికి వచ్చినది. అందేమున్నదో ఎవరును చెప్పలేదు. ఇన్‌స్పెక్ట్ ఓఎస్ అను ఫంక్షను ఇమేజిలోని ప్రతి భాగమును వెదకును. లినక్సునకు ఉండదగిన ఎఫ్‌స్టాబ్ మొదలగు ఫైళ్లున్నవా, విండోసునకు ఉండదగిన ఫోల్డరులున్నవా యని చూచి, ఆపరేటింగ్ సిస్టము ఏ భాగమున నున్నదో పేరు చెప్పును. రెండున్నచో రెండు పేర్లు. ఏదియు లేనిచో ఖాళీ పట్టిక. మా అభిప్రాయమున ఈ సంపుటిలో మిక్కిలి తెలివైన ఫంక్షను ఇదియే. తక్కినవి చెప్పిన పని చేయును. ఇది మనము చెప్పనిదానిని కనిపెట్టును. ఆ పేరును చేతబట్టుకొని ఇన్‌స్పెక్ట్ గెట్ టైప్, ఇన్‌స్పెక్ట్ గెట్ డిస్ట్రో మొదలగువానిని పిలిచినచో జాతి, శాఖ, సంచిక సంఖ్య తెలియును. డెబియన్ మీద ఆధారపడి తెలుగు ముఖముతో లినక్సును సిద్ధపఱచిన స్వేచ్ఛ సంస్థవంటివారి కృషి మన రాష్ట్రముల పిల్లలకు తెలిసినదే; అట్టి వ్యవస్థను నింపిన ఇమేజియైనను ఇదే రీతిని పరీక్షింపవచ్చును. లోపల ఏయే ప్రోగ్రాములు, ఏ సంచికలు స్థాపింపబడినవో పట్టిక ఇచ్చు ఫంక్షను వేఱుగా కలదు. నూరు యంత్రముల బాధ్యత గలవాడు, లోపము బయటపడిన పాత ప్రోగ్రాము వానిలో ఎందున్నదో ఒక్క యంత్రమునైనను మేల్కొల్పకయే కనుగొనగలడు. నూరు మారులు చేతితో చేయు పనిని ఒక చిన్న ప్రోగ్రాముచే చేయించుటకే గదా ఫంక్షనులు!

చదువుటకు ముందు భాగములను వాని వాని స్థానములలో అమర్చవలయును. దీనిని మౌంట్ అందురు. ఇన్‌స్పెక్ట్ గెట్ మౌంట్‌పాయింట్స్ అను ఫంక్షను ఏది ఎచట ఉండవలెనో చెప్పును. కాని ఆ పట్టిక మనము కోరిన వరుసలో నుండదు. మూలమైన భాగము ముందు, దాని కొమ్మయైన బూట్ వంటి భాగము తరువాత అమర్చవలయును. మొదలు లేక కొమ్మ నిలువదు. ఇందుకు ప్రోగ్రాము వ్రాయువారు చేయు యుక్తి మిక్కిలి సుళువైనది: మౌంట్ స్థానముల పేర్లను పొడవునుబట్టి పేర్చి, పొట్టి పేరును ముందు తీసికొందురు. మూలము పేరు ఒక్క గీతయే గనుక అది తనంతట ముందు వచ్చును. అటుపిమ్మట ఎల్ఎస్ అనిన ఫోల్డరులోని పేర్లు, క్యాట్ అనిన అక్షరములు గల ఫైలు, డౌన్‌లోడ్ అనిన ఎట్టి ఫైలైనను మన చేతికి వచ్చును. బొమ్మలు, శబ్దములు గల ఫైళ్లకు క్యాట్ తగదు.

దిద్దుటకు ఒక ఉదాహరణము తీసికొందము. ఒక ఉన్నత పాఠశాల మార్కుల పట్టీలు ఒక కల్పిత యంత్రమున నున్న వనుకొందము. జూను మాసము. పదవ తరగతి ముగించిన పిల్లలు రాజమహేంద్రవరమున కాలేజీలో చేరుటకు టీసీలకై గుమ్మమువద్ద నిలుచున్నారు. వేసవిలో నెవరో ఆ యంత్రమునకు తగిలించిన రెండవ డిస్కును తీసివేసిరి. ఎఫ్‌స్టాబ్ ఫైలులో దాని పంక్తి మాత్రము మిగిలిపోయినది. యంత్రమును నడపినపుడు అది లేని డిస్కుకై 90 సెకనులు ఎదురుచూచి, పిదప అత్యవసర స్థితిలోనికి జారి రూట్ సంకేతపదము నడుగును. అది తెలిసినవారు ఉద్యోగము మారి వెళ్లిపోయిరి. పట్టీ లన్నియు లోపల సురక్షితముగా నున్నవి. కాని తలుపు రాదు. ఒక్క పంక్తి అడ్డము!

చేయవలసిన దేమన, మొదట ఆ యంత్రమును పూర్తిగా ఆపవలయును. పిదప ఇమేజి ఫైలును వేఱొక డిస్కునకు కాపీ తీయవలయును. దీనిని మానుకొనువారిని మేము ధైర్యవంతులని యనము. తరువాత చదువుటకు మాత్రమే యను పద్ధతిని తెఱచి, ఎఫ్‌స్టాబును క్యాట్ చేసి, దోషమచ్చటనే యున్నదని నిర్ధారించుకొనవలయును. అటుపై మరల వ్రాయుటకు వీలగునట్లు తెఱచి, ఆ ఫైలునకు పక్కనే ఒక నకలు ఉంచి, రైట్ అను ఫంక్షనుతో దిద్దిన పాఠమును వ్రాయవలయును. ఇచట జాగ్రత్త: రైట్ అనునది ఒక్క పంక్తిని మార్చదు, పాత ఫైలును తుడిచి మనమిచ్చిన పాఠము నంతయు దాని స్థానమున పెట్టును. మనము ఒక్క పంక్తియే ఇచ్చినచో ఫైలులో ఆ పంక్తియే మిగులును. కాబట్టి మొత్తము చదివి, చెడ్డ పంక్తి ముందు హాష్ గుర్తు నుంచి, మొత్తము తిరిగి వ్రాయవలయును. వ్రాసిన పిమ్మట మరల క్యాట్ చేసి చూచుకొనుట మంచిది.

తుదకు అన్‌మౌంట్ ఆల్, షట్‌డౌన్, క్లోజ్ అను మూడును వరుసగా పిలువవలయును. షట్‌డౌన్ వట్టి మర్యాద కాదు. మనము వ్రాసిన బైట్లు కొంతసేపు జ్ఞాపకస్థానమున నిలిచి, పిదప డిస్కునకు చేరును. ఆతిథేయి డిస్కు నిండియున్నచో చివరి క్షణమున ఆ వ్రాత విఫలము కావచ్చును. ఆ సంగతి షట్‌డౌన్ ఇచ్చు బదులులో తెలియును. అది తప్పు చెప్పినచో, అంతకుముందు అన్నియు సరియని వచ్చినను, వ్రాత చేరినదని నమ్మరాదు.

నడచుచున్న యంత్రము ఇమేజిని వ్రాయుటకు తెఱచుట మహాపరాధము. ఆ యంత్రముయొక్క కెర్నెలు డిస్కులో ఏమున్నదో తన జ్ఞాపకమున నుంచుకొని దానినిబట్టి వ్రాయుచుండును. దానికి తెలియకుండ మనము మార్చినచో, ఇద్దరు గుమాస్తాలు ఒకే ఆవర్జాను ఒకరి నొకరు చూడక దిద్దినట్లగును. ఫైళ్ల వ్యవస్థ చీలిపోవును. పట్టీ లన్నియు పోవచ్చును. చదువుటకు మాత్రమే తెఱచుటలో నష్టము లేదు. అయితే అప్పుడు కనుపించునది సగము వ్రాసిన పుటయు కావచ్చును.

ఇప్పుడు తల్లిదండ్రులకును, కార్యాలయమున పనిచేయువారికిని చెప్పవలసిన మాట. పై ఉదాహరణమున మనము సంకేతపదము లేకయే లోపలికి పోయి వచ్చితిమి. మనకు సాధ్యమైనది దొంగకును సాధ్యమే. యంత్రపు సంకేతపదము యంత్రము నడచునపుడు గుమ్మమున నిలుచు కావలివాడు మాత్రమే. ఇమేజి ఫైలు చేతబడినవానికి గోడయే లేదు. దీనికి మందు డిస్కును గుప్తీకరించుట. లక్స్ అను పద్ధతిని గుప్తీకరించిన భాగమును ఈ ఫంక్షనులు సైతము తాళపుమాట లేనిదే చదువలేవు. కాని ఆ తాళపుమాట పోయినచో యజమానునికిని దారి లేదు. దానిని వ్రాసి ఇనుప పెట్టెలో భద్రపఱచుట పాఠశాల పెద్దల పని.

మరియొక సంగతి. ఫైలును తొలగించినంత మాత్రమున దాని బైట్లు పోవు. సూచికలో పేరు కొట్టివేయబడును. బైట్లు ఆ చోటున మరల నేదైన వ్రాయువఱకు అట్లే యుండును. పిల్లల వివరములున్న ఇమేజిని ఖాళీ చేసితిమని పరుల కిచ్చుటకు ముందు జీరో ఫ్రీ స్పేస్ అను ఫంక్షనును పిలిచినచో ఖాళీ చోటంతయు సున్నలతో నిండును. ఒక ఇమేజిని నకళ్లు తీసి పెక్కు యంత్రములు చేయువారు విర్ట్-సిస్‌ప్రెప్ అను సాధనమును వాడుదురు. ఇది యంత్రపు ప్రత్యేక సంఖ్యను, దాని రహస్యపు తాళములను, పాత చిట్టాలను తొలగించును. లేనిచో నకళ్లన్నిటికి ఒకే తాళము మిగులును.

సెలవులలో అభ్యాసము చేయగోరు పిల్లలకు మా సలహా యేమన, ఎవరి ఇమేజిని ముట్టవలదు. ఈ సంపుటితో వచ్చు గెస్ట్‌ఫిష్ అను సాధనమునకు పెద్ద ఎన్ గుర్తుతో ఎఫ్ఎస్ అని చెప్పినచో, అది టెస్ట్1 అను పేరుతో ఒక గీగాబైటు రా ఇమేజిని ఫైళ్ల వ్యవస్థతో సహా సిద్ధపఱచి ఇచ్చును. అందొక ఫోల్డరు చేసి, మీ యూరి పేరు తెలుగున వ్రాసి, బయటికి వచ్చి, మరల తెఱచి చదువుడు. తరువాత ఏదైన బైట్లు చూపు సాధనముతో ఆ ఇమేజి మొదటి సెక్టారును చూడుడు. సున్నతో మొదలిడి లెక్కించిన 510, 511వ బైట్లలో 85, 170 కనుపించునా? 454వ బైటునుండి నాలుగు బైట్లు మొదటి భాగము ఏ సెక్టారున మొదలగునో చెప్పును. అందు చిన్న విలువ గల బైటే ముందుండును. అది 2048 కాకపోవచ్చును. ఆ సంఖ్యను 512చే గుణించి, వచ్చినదానికి 1024 కలిపి, అచ్చటినుండి మఱి 56 బైట్లు దాటి చూడుడు. 83, 239 అను రెండు సంఖ్యలు ఉండవలయును. లెక్క కుదిరినవారు తమ కాగితమును మాకు చూపుదురుగాక.